పిల్లల కరాటే క్లాసుకి ఇంట్లోనే చేసుకునే సామాను, ఆటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తిరుపతి, చిత్తూరు పక్క మిద్దెల మీద, స్కూల్ గ్రౌండుల్లో కొత్తగా క్లాసులు మొదలుపెట్టిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగినవి కొన్ని, పిల్లోళ్ళ అమ్మానాన్నలు అడిగినవి కొన్ని, అన్నీ ఒకచోట పెడతా ఉన్నా. నేను చెప్పేది కరాటే కాబట్టి మాటలన్నీ కరాటేవే ఉంటాయి, టైక్వాండో వాళ్ళు, కర్రసాము వాళ్ళు మీకు తగ్గట్టు మార్చుకోండి, ఏం పర్లేదు.

అన్నా, కరాటేకి ఒట్టి చేతులు చాలు కదా, మళ్ళీ ఈ సామానంతా ఎందుకు?

పెద్దోళ్ళకైతే చాలు. ఆరేళ్ళ బిడ్డకి "మోచెయ్యి బయటికి పోనీకురా, పక్కటెముకలకి ఆనించే కొట్టు" అని ఎన్నిసార్లు చెప్పినా మీ గొంతు పోతాది గానీ వాడి మోచెయ్యి మాత్రం లోపలికి రాదు. అదే వాడి చంకలో ఒక కర్చీఫ్ మడిచి పెట్టి "ఇది కింద పడకుండా పది పంచులు కొట్టు" అని చూడండి, మోచెయ్యి రెక్కలాగా లేచిన ప్రతిసారీ కర్చీఫ్ పడిపోతాది, వాడే నాలుక కరుచుకుని, వాడే తీసి పెట్టుకుని మళ్ళీ కొడతాడు. మీరు నోరు తెరవాల్సిన పని లేదు. నేను సామాను అనేది దీన్నే. ఒక వస్తువు ఒక తప్పుని పట్టివ్వాలి, అంతే. ఏ తప్పూ పట్టివ్వని వస్తువు ఎంత బాగున్నా అది బొమ్మ కిందే లెక్క.

ఇంకో మాట. ఇదంతా పేదరికం వల్ల చేసేది అనుకోవద్దు. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో పాత మాస్టర్లు వాడిన మకివారా అంటే భూమిలో పాతిన చెక్కకి వరిగడ్డి తాడు చుట్టింది, చిఇషి అంటే కర్రకి తగిలించిన రాయి, నిగిరిగామె అంటే మూతి పట్టుకుని ఎత్తే మట్టి కూజా. అన్నీ ఊళ్ళో దొరికేవాటితో చేసుకున్నవే. కాకపోతే అవి పెద్దోళ్ళ సామాను, పిల్లలకి వద్దు. 1901లో ఇతోసు అంకో అనే మాస్టర్ అక్కడి ప్రాథమిక పాఠశాలలోకి కరాటేని తెచ్చాడు, ఆ తర్వాత పినాన్ కటాలు (కటా అంటే వరసగా చేసే కదలికల కూర్పు) కూడా స్కూలు పిల్లల్ని మనసులో పెట్టుకునే కూర్చాడు, మనం ఇప్పుడు హేయాన్ అని నేర్పేవి అవే. అంటే పిల్లలకి వేరేగా చెప్పాలి అన్నది నూరేళ్ళ నాటి మాట, నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు.

దుడ్లు ఎంత అవుతాది?

పాత పేపర్లు, బట్టల క్లిప్పులు, ముగ్గుపిండి, చిరిగిన జీన్స్ ఇవి ఇంట్లోనే ఉంటాయి. రంగుల ఇన్సులేషన్ టేపులు, బెలూన్ల ప్యాకెట్టు, నవారు కొంచెం కొనాలి. స్పోర్ట్స్ షాపులో ఒక్క మంచి కిక్ ప్యాడ్‌కి పెట్టే రేటులో మొత్తం క్లాసుకి సరిపడా వచ్చేస్తాది, ఇంకా మిగులుతాది.

న్యూస్ పేపర్‌తో ఏమేం చేయించొచ్చు?

నన్నడిగితే ఒక్క వస్తువే ఎంచుకోమంటే పేపరే ఎంచుకుంటా.

మొదటిది చించడం. పూర్తి పేజీని పైన రెండు మూలలు పట్టుకుని బిగువుగా లాగి పెట్టండి, పిల్లోడు గ్యాకు జుకితో (ముందున్న కాలికి ఎదురు చేత్తో కొట్టే పంచ్) మధ్యలో కొట్టాలి. మెల్లగా తోస్తే పేపర్ వెనక్కి వంగుతాది తప్ప చిరగదు, వేగంగా కొట్టి వెనక్కి లాగితే "టప్" అని చిల్లు పడతాది. ఆ టప్ వినపడినప్పుడు వాడి మొహం చూడాలి మీరు. బలం వేరు వేగం వేరు అని ఇంక మీరు లెక్చర్ ఇవ్వక్కర్లేదు. పట్టుకునేవాళ్ళు మాత్రం పేపర్ని తమ మొహానికి ఎదురుగా కాకుండా పక్కకి, చెయ్యి బార చాపి పట్టుకోవాలి, చిన్నపిల్లలకి పట్టుకునే పని ఇవ్వొద్దు, మీరే పట్టుకోండి.

రెండోది చించకుండా ఉండటం, నాకు ఇదే ఇష్టం. బట్టలారేసే తాడుకి పేపర్ ముక్కలు పొడుగ్గా చించి క్లిప్పులతో వేలాడదీయండి. పంచ్ గాలికి పేపర్ కదలాలి, కానీ చెయ్యి తగలకూడదు. కుమితేలో (ఇద్దరు ఎదురెదురుగా తలపడటం) ఎదుటోడి మొహం ముందు చెయ్యి ఆపడం రాని పిల్లోడు ఎంత గట్టిగా కొట్టినా ఏం లాభం, ఎదుటి బిడ్డ ముక్కు పగులుతాది, వాళ్ళమ్మ మన మీదికి వస్తాది.

మూడోది పేపర్ కర్ర. ఎనిమిదో పదో పేజీలు కలిపి గట్టిగా చుట్టి రెండు చివర్లా, మధ్యలో టేప్ వేసేయండి (స్టాప్లర్ పిన్నులు అస్సలు వద్దు, కంటికి తగిలితే కథ వేరే ఉంటాది). మీరు దాన్ని నెమ్మదిగా తలమీదికి దించితే వాడు ఆగె ఉకె (చెయ్యి పైకెత్తి ఆపే బ్లాక్), పొట్ట వైపు వస్తే గెదాన్ బరాయ్ (చేత్తో కిందికి ఊడ్చి ఆపే బ్లాక్), కాళ్ళ కింద ఊపితే ఎగరడం, అడ్డంగా వస్తే వంగడం. మొదట చెప్పి కొట్టండి, తర్వాత చెప్పకుండా. పిల్లలు ఇది ఆట అనుకుంటారు, వాళ్ళ కళ్ళు మాత్రం కర్ర మీద నుంచి మీ భుజం మీదికి మారిపోతాయి, ఎందుకంటే కర్ర కంటే ముందు భుజం కదులుతాదని వాళ్ళకే తెలిసిపోతాది. కర్రసాము నేర్పేవాళ్ళు కూడా చిన్నపిల్లల చేతికి ముందు ఇదే ఇవ్వొచ్చు, వెదురు కర్ర తర్వాత.

ఇంక మిగిలిన చెత్తంతా ఉండలు చుట్టి మధ్యలో ఒక గీత గీసి యుద్ధం పెట్టేయడమే. ఎవరి వైపు ఉండలు ఎక్కువ మిగిలితే వాళ్ళు ఏరి సంచిలో వెయ్యాలి, మనకి ఊడ్చే పని కూడా తప్పుతాది.

పంచింగ్ బ్యాగ్ ఇంట్లో చేసుకోవచ్చా? ఇసుక పొయ్యమంటున్నారు మా బావ.

మీ బావకి చెప్పండి, ఇసుక వద్దని. ఇసుక రోజులు గడిచేకొద్దీ కిందికి దిగి గట్టిపడిపోతాది, పైన ఖాళీ, కింద బండ. పిల్లోడు కాలితో కొట్టేది కిందే.

ఇట్లా చేయండి. పెద్దోళ్ళ పాత జీన్స్ ఒక కాలు కత్తిరించుకుని, అడుగు భాగాన్ని టైలర్ దగ్గర రెండు మూడు వరసలు గట్టిగా కుట్టించండి. పిల్లలకి సరిపడా లావు అదే వస్తాది, పైగా బియ్యం సంచీ లాగా చర్మాన్ని గీరదు. లోపల కూరడానికి టైలర్ షాపుల్లో కత్తిరింపు ముక్కలు ఊరికే ఇస్తారు, నగరి, పుత్తూరు పక్క వాళ్ళకైతే మరమగ్గాల దగ్గర వేస్టు నూలు దొరుకుతాది. టైలర్ ముక్కల్లో ఒక ప్రమాదం ఉంది, గుండుసూదులు, విరిగిన మిషన్ సూదులు ఉండిపోతాయి. పాత స్పీకర్లోది అయస్కాంతం ఒకటి తీసుకుని గుడ్డలన్నీ చాప మీద పలచగా పరిచి దాన్ని అంతటా తిప్పండి, ఎన్ని సూదులు అంటుకుంటాయో చూస్తే ఇంక ఎప్పుడూ ఆ పని మానరు. తర్వాత జానెడు జానెడు కూరుతా రోకలితో కుదించుకుంటా పోవాలి, ఒకేసారి నింపేస్తే వారంలో నడుము దగ్గర విరిగినట్టు వంగిపోతాది. మొత్తం బరువు ఎనిమిది పది కిలోలు దాటనీకండి.

వేలాడదీయడానికి ఫ్యాన్ కొక్కెం వద్దు, అది ఊగే బరువు కోసం పెట్టింది కాదు. పాత ఇళ్ళల్లో ఉయ్యాల కొక్కేలు ఉంటాయి చూడండి, అవి మేలు, లేదా వేపచెట్టు కొమ్మ, తాడు కింద గోనెగుడ్డ చుట్టి కట్టుకుంటే కొమ్మా కోసుకోదు, తాడూ తెగదు. మణికట్టు వంగకుండా కొట్టడం వచ్చిందాకా పిల్లల్ని దీని మీద అరచేత్తోనే కొట్టించండి.

చేత్తో పట్టుకునే టార్గెట్లు?

చాలామంది పాత హవాయి చెప్పులు పట్టుకుంటారు, పని అయితే అవుతాది, కానీ చెప్పు చేతిలో పట్టుకుని పిల్లోడి ముందు నిలబడితే వాళ్ళమ్మకి ఎట్లా ఉంటాదో ఆలోచించండి, క్లాసు లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు బయట వదలమని మనమే చెప్తాం కదా. చెప్పులు కుట్టే అన్న దగ్గర కొత్త రబ్బరు షీటు ముక్కలు కొనుక్కోండి, తక్కువలోనే వస్తాయి. రెండు ముక్కలు అరచేతి కంటే కొంచెం పెద్దగా కోసి, ఒకదాని మీద ఒకటి అంచుల్లో మాత్రం అంటించండి, మధ్యలో అంటించొద్దు, అప్పుడే తగిలినప్పుడు చప్పుడు వస్తాది. ఆ చప్పుడు కోసమే పిల్లలు కొడతారు. సరిగ్గా మధ్యలో తగిలితే ఒక చప్పుడు, అంచుకి తగిలితే వేరే చప్పుడు.

కిక్ ప్యాడ్‌కి పాత సోఫా ఫోమ్ ఉంటే ఆటో సీట్లు కుట్టే షాపుకి ఎత్తుకుపోండి, రెగ్జిన్ వేసి వెనక రెండు పట్టీలు కుట్టిస్తారు. దేవుడి మీద ఒట్టు, బ్రాండ్ ప్యాడ్ కంటే ఎక్కువ కాలం వస్తాది.

బెలూన్లు?

నాలుగైదేళ్ళ పిల్లలకి ఇంతకంటే మంచిది లేదు. దారానికి కట్టి వాడి పొట్ట ఎత్తులో వేలాడదీస్తే మావాషి (పక్కనుంచి తిప్పి కొట్టే కిక్కు) కాదు, మాయె గెరి (నేరుగా ముందుకి కొట్టే కిక్కు) చేయించండి, మోకాలు ముందు పైకి లేపకుండా కాలు చాపితే బెలూన్ పక్కకి పారిపోతాది. పగిలిన ముక్కలు మాత్రం వెంటనే ఏరేయాలి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాది.

మ్యాట్లు లేవు సార్, మిద్దె మీద పడటం, దొర్లడం నేర్పొచ్చా?

సిమెంటు మీద వద్దు. రెండు పరుపులు పక్కపక్కన వేసుకుని గొంతుక్కూర్చున్న ఎత్తు నుంచి వెనక్కి పడటం, గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకోవడం, ఇంతవరకే. ముందుకి దొర్లడానికి స్కూల్లో లాంగ్ జంప్ ఇసుక గుంత ఉంటే దాన్ని మించింది లేదు, ముందు రోజు గాజు పెంకులు ఏమైనా ఉన్నాయేమో పారతో తిరగేసి చూసుకోండి. ఎత్తి పడెయ్యడాలు, త్రోలు మాత్రం సరైన మ్యాట్లు వచ్చేదాకా ముట్టుకోవద్దు.

ముగ్గుతో కటా నేర్పుతారంట, నిజమా?

నిజం, మన పక్కే కుదిరే పని ఇది, జపాన్ వాళ్ళకి ముగ్గుపిండి యాడ దొరుకుతాది!

కటాలో అడుగులు పడే దారిని ఎంబుసెన్ అంటారు. తైక్యొకు షోదాన్ అనే కటా తీసుకోండి, 20 కదలికలు, దారి నిలువుగా ఒక గీత, పైనా కిందా అడ్డంగా ఒక్కో గీత. దాన్ని మిద్దె మీద ముగ్గులా వేసి, మొదలయ్యే చోట పెద్ద చుక్క పెట్టండి. కటా సరిగ్గా చేస్తే చివర్లో మళ్ళీ ఆ చుక్క మీదికే రావాలి. రాలేదంటే యాడో అడుగు పొట్టి పడింది, లేదా తిరిగేటప్పుడు కాలు తప్పు చోట పెట్టాడు. పిల్లలు దీన్ని పందెంగా తీసుకుంటారు, ఎవరు చుక్క మీదికి వచ్చారు, ఎవరు జానెడు దూరంలో ఆగారు అని వాళ్ళే కూర్చుని కొలుచుకుంటారు. తైక్యొకు అయిపోయినాక హేయాన్ షోదాన్ 21 కదలికలకీ ఇదే పద్ధతి.

ఒక్క జాగ్రత్త, పొడి ముగ్గు దట్టంగా పోస్తే ఒట్టి కాళ్ళు జారతాయి. పిండిని నీళ్ళల్లో కలిపి గుడ్డతో తడి ముగ్గు వేయండి, ఆరినాక నేలకి అంటుకుని ఉంటాది. బియ్యప్పిండి అయితే చీమలు వస్తాయి, పాదాలు కుడతాయి. ముగ్గు వేసే పని పెద్ద పిల్లలకి ఇవ్వండి, ఆ కొలతలు వేసేటప్పుడే వాళ్ళకి కటా సగం వచ్చేస్తాది. మగపిల్లోళ్ళు మొదట్లో "ముగ్గు మేమేయాలా" అంటారు, వేయించండి.

అదే తడి ముగ్గుతో నిచ్చెన గడులు గీస్తే కాళ్ళ వేగానికి పనికొస్తాది. నైలాన్ తాడుతో కట్టిన నిచ్చెన కంటే ఇదే నయం, తాడైతే వేలికి చుట్టుకుని బోర్లా పడతారు.

నాలుగైదేళ్ళ పిల్లలు ఐదు నిమిషాలు కూడా నిలబడరు, ఏం చేయాలి?

నిలబెట్టొద్దు. ఆ వయసుకి క్లాసు అరగంట, మహా అయితే నలభై నిమిషాలు, నాలుగైదు నిమిషాలకి ఒకసారి పని మారాలి. మన నేలా బండా ఆటే తీసుకోండి. మామూలుగా బండ ఎక్కితే దొంగ పట్టుకోకూడదు కదా, ఇక్కడ బండలు ఉండవు, కిబా దాచిలో (గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచి నిలబడటం) కూర్చుంటే వాడు బండ మీద ఉన్నట్టు. మోకాళ్ళు సరిగ్గా వంచకపోతే బండ కరిగిపోయింది, దొరికిపోయాడు. ఊరికే కిబా దాచిలో నిలబడమంటే కాళ్ళు నొప్పి అని ఏడ్చే బిడ్డలు ఈ ఆటలో ఎంతసేపు కూర్చుంటారో చూడండి.

తోకలాట ఇంకొకటి. బెల్టుకి వెనక పాత చీర పేలిక దోపుకోవాలి, ఎదుటోడి తోక పీకాలి, మన తోక పోగొట్టుకోకూడదు. వీపు చూపించి పరిగెత్తితే తోక పోతాది, ఎదురుగా నిలబడి పక్కకి జరిగితే ఉంటాది. ఎదురుగా నిలబడటం, పక్కకి జరగడం, ఇదే కదా మనం కుమితేలో చెప్పేది. మిద్దె మీద ఆడిస్తే పిట్టగోడకి బారెడు లోపల గీత గీసి, గీత దాటినోడు అవుట్ అని ముందే చెప్పండి, పిట్టగోడ పొట్టిగా ఉంటే పరుగు ఆటలే వద్దు.

పదేళ్ళు దాటినోళ్ళకి ఇవన్నీ చిన్నపిల్లల ఆటల్లా అనిపిస్తాయేమో?

అనిపిస్తాయి, అందుకే వాళ్ళకి క్లిప్పులాట. ఒక్కొక్కరి చొక్కా చేతులకి, భుజాలకి, వీపుకి బట్టల క్లిప్పులు తగిలించి ఇద్దరిద్దర్ని వదలండి, ఎదుటోళ్ళవి లాక్కోవాలి. దూరం చూసుకోవడం, ఒక చెయ్యి కాచుకుంటా ఇంకో చెయ్యి పంపడం, అన్నీ దెబ్బ లేకుండా వచ్చేస్తాయి. ఛాతీ మీద మాత్రం ఎవరికీ పెట్టొద్దు, ఆడపిల్లలు వాళ్ళకి ఇష్టమైతే ఆడపిల్లలతోనే ఆడతారు, అడగండి, మీరే జతలు కట్టేయొద్దు.

పేకముక్కలు కూడా బాగా పనికొస్తాయి (పేకాట నేర్పుతున్నాడు అనుకుంటారని ముందే పెద్దోళ్ళకి చెప్పుకోండి). ఇస్పేట్ వస్తే పంచులు, ఆటీన్ వస్తే గుంజీలు, డైమండ్ వస్తే కిక్కులు, కళావర్ వస్తే పొట్ట ఎక్సర్‌సైజు, ముక్క మీద ఎంత అంకె ఉంటే అన్ని. మీరు యాభై గుంజీలు తీయమంటే మూలుగుతారు, పేకముక్క చెప్తే నవ్వుతా తీస్తారు.

ఇట్లా ఆడిస్తా ఉంటే క్రమశిక్షణ పోదా? మేము ఫీజు కట్టేది ఆటలకి కాదు కదా.

ఈ ప్రశ్న నాన్నలే ఎక్కువ అడుగుతారు. ఆట మొదలు రేయ్ (వంగి పెట్టే నమస్కారం) పెట్టి వంగాలి, ఆట చివర రేయ్ పెట్టి వంగాలి, "యామె" (ఆగు) అనగానే చేతిలో క్లిప్పు ఉన్నా సరే ఆగిపోవాలి. పరుగు మధ్యలో ఒక్క మాటకి ఆగడం కంటే పెద్ద క్రమశిక్షణ ఏముంది, వరసలో కొయ్యల్లా నిలబడటం ఎవరికైనా వస్తాది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, గంటంతా ఆటే పెట్టే క్లాసులూ ఉన్నాయి, అక్కడ మీరు కోప్పడటం న్యాయమే. ఆట అయిపోగానే అదే పనిని కిహోన్‌గా (వరసలో నిలబెట్టి చేయించే ప్రాథమిక సాధన) చేయించకపోతే ఆ ఆట వృథా.

స్కూల్ యానివర్సరీకి పెంకులు పగలగొట్టించమంటున్నారు ప్రిన్సిపల్ మేడం.

వద్దని మర్యాదగా చెప్పండి. పిల్లల ఎముకల చివర్లలో ఇంకా పెరిగే భాగం మెత్తగా ఉంటాది, అది గట్టిపడేది పదిహేను పదహారేళ్ళు దాటినాకే. పెంకులు, టైల్స్, గచ్చు మీద పిడికిళ్ళు ఆనించి తీసే దండీలు, ఇసుక బకెట్‌లో వేళ్ళు పొడవడం, ఏదీ వద్దు. స్టేజీ మీద జనం చప్పట్లే కావాలంటే టీవీ డబ్బాలో వచ్చే థర్మకోల్ పలక పెట్టండి, భలే చప్పుడుతో విరుగుతాది, దూరం నుంచి ఎవరికీ తేడా తెలీదు. కింద ఏరుకోవడమే పెద్ద పని.

వేలు బెణికితే పుత్తూరు కట్టుకి పోవచ్చా?

మన పక్క జనాలకి పుత్తూరు కట్టు మీద ఎంత నమ్మకమో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. కానీ పిల్లోళ్ళ విషయంలో పైన చెప్పిన ఆ పెరిగే భాగానికి దెబ్బ తగిలిందా లేదా అనేది ఎక్స్‌రే తీసి ఎముకల డాక్టర్ చూడాల్సిందే. ముందు ఐస్ పెట్టండి, వేలు లాగొద్దు, నేరుగా ఆస్పత్రికి.

ఎండాకాలం క్లాసులు ఎట్లా?

మే నెలలో మనకి 40 డిగ్రీలు దాటడం మామూలే, మిద్దె గచ్చు రాత్రి ఏడింటికి కూడా పెనంలా కాలతాది. పొద్దున ఏడు లోపల ముగించండి. సాయంత్రమే కుదురుతుందంటే ముందు నీళ్ళు చల్లి, ఆరినాక మీ ఒట్టి పాదం పెట్టి చూసుకుని అప్పుడు పిల్లల్ని ఎక్కించండి. మధ్యలో నీళ్ళు తాగకూడదు అనే పాతకాలం రూలు ఉంటే తీసేయండి, ఉప్పేసిన మజ్జిగ కుండ ఒకటి మూల పెట్టండి. గంగమ్మ జాతర వారం ఎట్లాగూ సగం మంది రారు, ఆ వారం సామాను బాగుచేసుకోవడానికి పెట్టుకుంటే సరి.

ఇంట్లో చేసిన గార్డులు పోటీలకి పనికొస్తాయా?

రావు, ప్రాక్టీసులో కూడా వద్దు. నోట్లో పెట్టుకునే గార్డు, మగపిల్లల గ్రోయిన్ గార్డు, కుమితే గ్లౌజులు, షిన్ గార్డులు, ఇవి నాలుగూ దుకాణంలో కొనాల్సిందే, ఇక్కడ పొదుపు చేయొద్దు. పోటీకి అలవాటు చేయాలంటే మీరు ఊరికే చేయగలిగేది ఒకటుంది, వరల్డ్ కరాటే ఫెడరేషన్ పోటీ మ్యాట్ 8 మీటర్లు పొడవు 8 మీటర్లు వెడల్పు, గ్రౌండులో సున్నంతో అంత చతురస్రం గీసి అందులో ఆడించండి. గీత దాటితే తప్పు అని తెలీక మొదటి పోటీలోనే పెనాల్టీ తెచ్చుకునే పిల్లలు శానామంది. నడుముకి ఒకరికి ఎర్ర గుడ్డ (అకా), ఒకరికి నీలం గుడ్డ (అవో) కట్టండి, అకా అంటే ఎవరు, అవో అంటే ఎవరు అని చెవికి అలవాటవుతాది.

బెల్టు టెస్టుకి ఇంకా నెలలు ఉంది, పిల్లలకి హుషారు తగ్గిపోతా ఉంది.

ఇన్సులేషన్ టేపు. ఒక విషయం వచ్చేస్తే బెల్టు కొసకి ఒక రంగు చుట్ట. స్టాన్సుకి (నిలబడే తీరు) పసుపు, బ్లాకులకి నీలం, కటాకి ఎరుపు, ఇట్లా మీరే ఒక లెక్క పెట్టుకోండి. ఊరికే మెప్పు కోసం అందరికీ చుట్టేస్తే మాత్రం రెండు వారాల్లో దానికి విలువ పోతాది.

చేసిన సామాను ఎన్నాళ్ళు వస్తాది?

పేపర్ కర్ర ఒక వారం, నలిగిందంటే పారేయండి. రబ్బరు టార్గెట్లు ఏడాది పైనే. జీన్స్ బ్యాగ్ నెలకోసారి దించి కుట్లు చూడండి, అడుగు కుట్టు ముందు పోతాది. తాడు ఎండకి పెళుసుబారిపోతాది కాబట్టి చేత్తో మెలిపెట్టి చూసి పీచు రాలితే మార్చేయండి, కొత్త తాడు ఎంత, ఒక టీ ఖర్చు.